శ్రీరంగాన్ని దోచుకున్న రోజు రంగనాథుడు ఎక్కడున్నాడు?



తిరుమల వెళ్ళినవాళ్ళకి రంగనాయకుల మండపం తెలిసే ఉంటుంది. పేరు గుర్తు లేకపోయినా టీవీలో చూసే ఉంటారు. సినిమావాళ్ళో, మంత్రులో స్వామి దర్శనం చేసుకున్నాక, పండితులు వేదాశీర్వచనం చేసి, శేషవస్త్రం కప్పి, ప్రసాదం చేతిలో పెడతారు చూడండి, అదే చోటు. శ్రీనివాసుడి గుడిలో రంగనాయకుల పేరుతో మండపం ఏమిటి అని ఎప్పుడైనా అనిపించిందా?

ఆ పేరు వెనక ఒక దోపిడీ కథ ఉంది. 14వ శతాబ్దంలో ఢిల్లీ సైన్యం కావేరి మధ్యలోని శ్రీరంగం గుడిని కొల్లగొట్టినప్పుడు, అక్కడి ఉత్సవమూర్తి ఊళ్ళు దాటి, అడవులు దాటి, చివరికి మన ఏడుకొండల మీద తలదాచుకున్నాడు. దేవుడు తలదాచుకున్నాడు అనడానికి నోరు రాదు కదా. కానీ జరిగింది అదే. ఆ మాట దగ్గర మనకి ఎందుకు ఇబ్బంది అవుతుందో, ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

గుడిని దోచుకున్న కథ వినగానే మనలో చాలామందికి ముందు వచ్చేది కోపం. అది సహజం. కానీ కోపం కింద ఇంకోటి ఉంటుంది, పైకి అనం. "తన గుడినే కాపాడుకోలేకపోయిన స్వామి నన్నేం కాపాడతాడు?" అమ్మమ్మ ముందు అడిగితే తిడుతుందని అడగం. ఫ్రెండ్స్ అడిగితే ఏదో ఒకటి చెప్పి టాపిక్ మార్చేస్తాం. ప్రశ్న మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. దీన్ని అడగడం పాపం ఏమీ కాదండీ. ఆ దోపిడీని కళ్ళారా చూసిన మహానుభావులే దీనికి జవాబు చెప్పారు. కొందరు నోటితో, ఎక్కువమంది కాళ్ళతో.

ముందు చరిత్ర కొంచెం చూద్దాం. శ్రీరంగం మీదికి ఢిల్లీ సైన్యాలు ఒక్కసారి రాలేదు. 1311లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ తమిళదేశం దాకా దూసుకొచ్చాడు. అప్పటికి మదురైలో పాండ్య రాజకుమారులు ఇద్దరు, సుందర పాండ్యుడు, వీర పాండ్యుడు, సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. అన్నదమ్ములు కత్తులు దూసుకుంటుంటే సరిహద్దు ఎవరు కాస్తారు? గుడి గోడలు ఎంత ఎత్తుగా ఉంటే మాత్రం ఏం లాభం!

రెండోసారి వచ్చిన దెబ్బ ఇంకా పెద్దది. అది తెలుగువాళ్ళకి బాగా తెలిసిన సంవత్సరం, 1323. ఆ ఏడాదే ఉలుఘ్ ఖాన్ ఓరుగల్లును పడగొట్టాడు. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, కాకతీయుల కథ అక్కడితో ముగిసింది. వరంగల్ కోటకి వెళ్తే ఇప్పటికీ నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం శిథిలమై నేల మీద పరుచుకుని ఉంటుంది. సెల్ఫీ తీసుకునేటప్పుడు ఒక్క నిమిషం ఆ ఖాళీని కూడా చూడండి. ఆ ఉలుఘ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ గద్దె ఎక్కాడు. ఓరుగల్లు పడ్డాక అతని సైన్యం దక్షిణానికి నడిచింది.

శ్రీరంగంలో ఆ రోజు ఏం జరిగిందో కోయిల్ ఒళుగు అనే ఆలయ చరిత్ర, గురుపరంపర గ్రంథాలు చెబుతాయి. స్వామి ఉత్సవం కోసం గుడి బయటికి, కొళ్ళిడం నది ఒడ్డుకి వేంచేసి ఉన్నాడు. జనం గుంపులు గుంపులుగా చేరారు. అప్పుడు కబురు వచ్చింది, సైన్యం దగ్గరికి వచ్చేసిందని. ఇంకెంతో టైమ్ లేదు. ఎన్ని తరాలుగానో రాజులు పోగుచేసిన బంగారం గుడి నిండా ఉంది. వాళ్ళు దాని జోలికి వెళ్ళలేదు. ముందు మూడు పనులు చేశారు. గర్భాలయంలో శయనించి ఉన్న పెరియ పెరుమాళ్, అంటే మూలవిరాట్టు, కనిపించకుండా అడ్డంగా రాతి గోడ కట్టేశారు. శ్రీరంగనాచ్చియార్ అమ్మవారిని మారేడు చెట్టు కింద భూమిలో దాచారు. ఉత్సవమూర్తిని పల్లకీలో ఎక్కించి, తెర వేసి, ఎవరికీ తెలియకుండా దక్షిణం వైపు పంపేశారు. చాలామంది భక్తులు అక్కడే ఉండిపోయారు. స్వామి వెళ్ళిపోయాడని సైన్యానికి వెంటనే తెలియకూడదు కదా, అందుకు. ఆ రోజు 12,000 మంది ప్రాణాలు పోయాయని సంప్రదాయం చెబుతుంది. ఆ సంఖ్య దగ్గర మన పెద్దలు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆ పల్లకీ వెంట నడిచిన పెద్దాయన పేరు పిళ్ళై లోకాచార్యులు. అప్పటికి ఆయన వయసు నూరు దాటిందని గురుపరంపర చెబుతుంది. ఈయన మామూలు పండితుడు కాదు. సంస్కృతం రానివాళ్ళకి, ఆడవాళ్ళకి, చదువుకునే అవకాశం లేనివాళ్ళకి కూడా రహస్యార్థాలు అందాలని తేలికైన మణిప్రవాళ భాషలో 18 గ్రంథాలు రాశారు. వాటిలో శ్రీవచన భూషణం ఒకటి. అందులో ఒక పోలిక ఉంది, మన ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది.

భగవంతుడు ఎక్కడెక్కడ ఉంటాడో ఆయన నీళ్ళతో పోల్చి చెప్పారు. అంతర్యామిగా మన లోపల ఉన్న స్వామి భూమి అడుగున ఉన్న జలం లాంటివాడు. ఉన్నాడు, కానీ తవ్వితే గానీ అందడు. పరమపదంలో ఉన్న స్వామి ఈ బ్రహ్మాండానికి అవతల ఉన్న నీళ్ళలాంటివాడు. పాలకడలిలో ఉన్నవాడు ఆ పాలకడలి లాంటివాడే, పేరు వినడమే గానీ మనం వెళ్ళలేం. రాముడు, కృష్ణుడు వరదొచ్చిన నది లాంటివాళ్ళు. ఆ టైమ్‌లో ఒడ్డున ఉన్నవాళ్ళ దాహం తీరింది, వెనక పుట్టినవాళ్ళకి అది లేదు. మరి మన సంగతి? వరద వెళ్ళిపోయాక మడుగుల్లో నీళ్ళు నిలుస్తాయి చూడండి, గుడిలో ఉన్న అర్చామూర్తి ఆ మడుగు. వంగి దోసిలి పడితే చాలు, అందుతాడు.

ఇప్పుడు దీన్ని కొంచెం ముందుకు తీసుకెళ్ళి ఆలోచించండి. మడుగు ఎవరికైనా అందుతుంది. దాహంతో వచ్చినవాడికీ అందుతుంది, బురద చేద్దామని వచ్చినవాడికీ అందుతుంది. సముద్రాన్ని ఎవరూ కలచలేరు, మడుగుని కలచడానికి ఒక కర్ర చాలు. అంటే స్వామి మనకి అందేంత దగ్గరికి రావాలనుకున్నప్పుడే, దెబ్బ తగిలేంత దగ్గరికి కూడా వచ్చేశాడన్నమాట. రెండూ ఒకే నిర్ణయం. అర్చావతారంలో స్వామి అర్చక పరాధీనుడు అంటారు పెద్దలు. మనం నిద్ర లేపితే లేస్తాడు, స్నానం చేయిస్తే చేస్తాడు, పెడితే తింటాడు. సర్వస్వతంత్రుడు తనంతట తానుగా మన చేతుల్లోకి వచ్చి పడుకున్నాడు, పసిబిడ్డలాగా. పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి దొంగలు పడ్డారనుకోండి. ఆ బిడ్డని చూసి "నిన్ను నువ్వు కాపాడుకోలేవా?" అని ఎవరైనా అడుగుతారా? అమ్మ ఎక్కడుంది, నాన్న ఎక్కడున్నాడు అని అడుగుతారు.

ఇదంతా పుస్తకంలో రాసినవాడికి, అదే నిజంగా చేసి చూపించాల్సిన రోజు వచ్చింది. స్వామి మన చేతుల్లో ఉంటాడని జీవితమంతా చెప్పిన పెద్దాయన, నూరేళ్ళ వయసులో, రాళ్ళ దారిలో, పట్టుబడితే ప్రాణం పోయే చోట స్వామిని వెంటబెట్టుకుని నడిచారు. దారిలో దొంగలు పడి స్వామి నగలు ఎత్తుకుపోతే, ఆయన తన దగ్గర ఉన్న కాస్త కూడా వాళ్ళ చేతుల్లో పెట్టేశారట. నగలు పోతే పోయాయి, మూర్తి మీద చెయ్యి పడకపోతే చాలు! చివరికి మదురై దగ్గర జ్యోతిష్కుడి అనే ఊళ్ళో ఆగారు. ఆయన శరీరం ఇక ముందుకి నడవలేకపోయింది. అక్కడే పరమపదించారు. శ్రీరంగం మళ్ళీ చూడలేదు.

ఆఖరి క్షణాల్లో ఆయన ఏం కోరారో తెలుసా? పగ తీర్చుకోమని చెప్పలేదు. ఒక కుర్రాణ్ణి వెనక్కి తీసుకురమ్మన్నారు. తిరుమలై ఆళ్వార్ అని, చిన్నప్పుడు ఆయన దగ్గరికి వచ్చినవాడే. పెద్దయ్యాక మదురైలో రాజకార్యాల్లో పడి, మంచి హోదా, పల్లకీ, పరివారం, అన్నీ వచ్చి, ఈ దారి మర్చిపోయాడు. మన భాషలో చెప్పాలంటే పెద్ద ప్యాకేజీ వచ్చి బిజీ అయిపోయాడు! కూర కులోత్తమ దాసు అనే శిష్యుడు ఆయన వెంటపడి, ఖాళీ దొరికిన కాసేపట్లోనే కొంచెం కొంచెంగా చెబుతూ మళ్ళీ ఇటు తిప్పారు. ఆ కుర్రాడే తర్వాత తిరువాయ్‌మొళి పిళ్ళై అయ్యారు. ఆయన శిష్యులు మణవాళ మామునులు. దెబ్బతిన్న శ్రీరంగంలో పూజాక్రమాన్నీ పాఠాలనూ మళ్ళీ నిలబెట్టింది ఆయనే. గుడి కూలుతున్న రోజుల్లో లోకాచార్యులు వెతికింది రాళ్ళని, బంగారాన్ని కాదు, ఒక మనిషిని. ఆఫీసు పనితో అలిసిపోయి, దేవుడు గుర్తొచ్చి నెలలు అయిందని గిల్టీగా ఫీల్ అయ్యేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదువుకోండి.

ఇటు శ్రీరంగంలో ఇంకొకరు చిక్కుకున్నారు, వేదాంత దేశికులు. ఆయన చేతిలో ఉన్నది పుస్తకం. రామానుజుల శ్రీభాష్యానికి సుదర్శన సూరి రాసిన శ్రుతప్రకాశిక. తాళపత్రాలు. జిరాక్స్ లేదు, బ్యాకప్ లేదు, క్లౌడ్ లేదు. అది పోతే ఒక గురువు దగ్గర కూర్చుని విన్న పాఠం మొత్తం పోయినట్టే. సుదర్శన సూరి ఆ గ్రంథాన్నీ, తన ఇద్దరు పిల్లల్నీ దేశికుల చేతుల్లో పెట్టి, ఆ దాడిలోనే ప్రాణం విడిచారని గురుపరంపర చెబుతుంది. దేశికులు ఆ పిల్లలతో, ఆ తాళపత్రాలతో శవాల మధ్య శవంలా పడుకుని, సైన్యం వెళ్ళాక బయటపడి, కన్నడదేశంలోని సత్యాగాలం చేరారు. అభీతిస్తవం అక్కడే పుట్టిందంటారు. అభీతి అంటే భయం లేకపోవడం. శవాల మధ్య పడుకుని వచ్చిన మనిషి ఆ పేరుతో స్తోత్రం రాశాడు!

ఇక్కడ ఒక చిన్న మాట. తర్వాతి కాలంలో లోకాచార్యుల్ని అనుసరించేవాళ్ళు తెంగలై అయ్యారు, దేశికుల్ని అనుసరించేవాళ్ళు వడగలై అయ్యారు. నామం ఎలా పెట్టాలి, ముందు ఏ స్తోత్రం చదవాలి అని కోర్టుల దాకా వెళ్ళిన గొడవలున్నాయి. ఆ దాడి రోజున మాత్రం ఒకరు స్వామిని మోశారు, ఒకరు శాస్త్రాన్ని మోశారు. రెండిట్లో ఏది లేకపోయినా ఇవాళ కొట్టుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

మళ్ళీ పల్లకీ దగ్గరికి వద్దాం. లోకాచార్యుల తర్వాత కూడా ప్రయాణం ఆగలేదు. అళగర్ కోయిల్, కేరళ దేశం, మేల్కోటే, ఆపైన తిరుమల. మధ్యలో మోసేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. చివరికి ముగ్గురే మిగిలి, చంద్రగిరి అడవుల్లో లోయలో స్వామిని దాచి, దుంపలూ ఆకులూ తిని బతికారని చెబుతారు. ఎప్పుడు ఇంటికి వెళ్తారో తెలియదు, ఎవరు గెలిచారో తెలియదు. రోజూ స్వామికి ఒక పువ్వు, దొరికిన పండు. అంతే వాళ్ళ బ్రహ్మోత్సవం. తర్వాత తిరుమల గుడిలో స్వామికి చోటు దొరికింది. అక్కడ ఆయన ఉన్నందుకు గుర్తే ఆ రంగనాయకుల మండపం. ఒక దేవుడి ఇంట్లో ఇంకో దేవుడు అతిథిగా ఉన్నాడు అనుకోకండి, ఇద్దరూ ఒక్కరే. అయినా శ్రీరంగం ఆచారం ప్రకారం ఆయనకి సేవ విడిగా జరిగిందంటారు. మర్యాద అంటే అదీ!

ఇక కోపం సంగతి. కోపం రాకూడదని నేను చెప్పను. అన్ని ప్రాణాలు పోయాయని వింటే రక్తం మరగకపోతే మనిషే కాదు. అప్పట్లో కత్తి పట్టినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళాయి అనే దేవదాసి శత్రు సేనానిని గోపురం మీదికి రప్పించి కిందికి తోసేసి, తనూ దూకేసిందని చెబుతారు. తూర్పున ఉన్న తెల్ల గోపురం పేరు ఆమెదేనంటారు. బుక్కరాయల కొడుకు కుమార కంపన సైన్యంతో వెళ్ళి మదురై సుల్తానును ఓడించాడు. ఆయన భార్య గంగాదేవి ఆ యుద్ధాన్ని మధురావిజయం పేరుతో కావ్యంగా రాసింది. ధర్మం కోసం నిలబడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని ఎవరూ చెప్పలేదు.

కానీ శ్రీరంగం ఆ గాయంతో ఏం చేసిందో చూడండి. మాలిక్ కాఫూర్ దండయాత్ర నాటి కథ ఒకటి ఆ గుడిలో చెబుతారు. మూర్తిని ఢిల్లీ పట్టుకుపోయారట. స్వామిని చూడందే అన్నం ముట్టని ఒక స్త్రీ ఆ సైన్యం వెనకాలే ఢిల్లీ దాకా నడిచిందట. అక్కడ సుల్తాను కూతురు ఆ మూర్తిని బొమ్మలా ఆడుకుంటూ, ఆడుకుంటూ, మనసు ఇచ్చేసింది. గుడివాళ్ళు వచ్చి స్వామిని తీసుకెళ్ళిపోతే ఆ పిల్ల తట్టుకోలేక శ్రీరంగం దాకా వచ్చి, అక్కడే ప్రాణం వదిలింది. ఆమే తుళుక్క నాచ్చియార్. మన తెలుగిళ్ళలో బీబీ నాంచారమ్మ అంటాం, తిరుపతి కథల్లో విని ఉంటారు. శ్రీరంగంలో ఆమెకి సన్నిధి ఉంది. విగ్రహం ఉండదు, గోడ మీద చిత్రపటం ఉంటుంది. ఆమె కోసం స్వామికి రొట్టెలు, వెన్న నైవేద్యం పెడతారు. కొన్ని సేవల్లో లుంగీ లాంటి వస్త్రం కడతారు. దోచుకున్నవాడి ఇంటి ఆడపిల్లకి దోచుకోబడిన గుడి లోపల చోటిచ్చారు. దాడిని మర్చిపోలేదు, ఆ పిల్లనీ వదల్లేదు. ఏడువందల ఏళ్ళ కిందటి దోపిడీకి ఇవాళ మన అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌లో ఉన్నాయన్ని జవాబు చెప్పమనే ముందు, ఈ రొట్టెల నైవేద్యం ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంకోటి. గుడిని దోచుకోవడానికి ప్రతిసారీ సైన్యం రానక్కర్లేదు. తమిళనాడు అరియలూరు జిల్లాలో శ్రీపురందాన్ అని ఒక ఊరు. చోళుల నాటి శివాలయం, అద్భుతమైన కంచు నటరాజు. పూజలు ఆగిపోయి గుడికి తాళం పడింది. దొంగలు ఎప్పుడో వచ్చి విగ్రహాలు ఎత్తుకుపోయారు. సంగతి 2008లో గానీ బయటపడలేదు. ఎందుకంటే తాళం తీసి చూసినవాళ్ళే లేరు! ఆ నటరాజు ఆస్ట్రేలియాలో ఒక పెద్ద మ్యూజియం చేరి, 2014లో తిరిగి వచ్చాడు. ఉలుఘ్ ఖాన్ వస్తున్నాడంటే అడ్డంగా గోడ కట్టడానికి శ్రీరంగంలో మనుషులున్నారు. ఇక్కడ గోడ కాదు కదా, రోజూ దీపం పెట్టడానికే మనిషి లేడు. మీ అమ్మమ్మ ఊళ్ళో, తాతగారి ఊళ్ళో తాళం వేసి ఉన్న చిన్న రామాలయమో, శివాలయమో ఉందేమో ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడగండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. లోపల ఎన్ని మూర్తులున్నాయో ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని చూసి, ఫొటోలు తీసి పెట్టండి. రేపు ఏదైనా పోతే అది మన ఊరిదే అని నిరూపించడానికి ఆ ఫొటోయే సాక్ష్యం.

శ్రీరంగం కథలో చివరి ఘట్టం చెప్పి ఆపేస్తాను. 1371లో కుమార కంపన దగ్గర ఉన్న గోపనార్యుడు తిరుమల నుంచి స్వామిని జింజి దగ్గర సింగవరం తీసుకొచ్చి, అక్కణ్ణుంచి శ్రీరంగం చేర్చాడు. గుడి గోడ మీద శాసనం ఇప్పటికీ ఉంది. వెళ్ళి 48 ఏళ్ళయింది. స్వామి వెళ్ళిన రోజు పుట్టినవాళ్ళకి మనవలు పుట్టేశారు. ఈలోగా గుడిలో ఇంకో ఉత్సవమూర్తిని పెట్టుకుని పూజ చేసుకుంటున్నారు. ఇప్పుడు ఎదురుగా ఇద్దరు. అసలు స్వామి ఎవరు? పాత స్వామిని చూసి గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అప్పుడు ఒక ముసలి రజకుడు ఉన్నాడని తెలిసింది. పాత రోజుల్లో స్వామి వస్త్రాలు ఉతికినవాడు. ఇప్పుడు కళ్ళు కనిపించవు. "నేను చూడలేను బాబూ, అభిషేకం చేసి ఆ తడి వస్త్రం పిండిన తీర్థం ఇవ్వండి" అన్నాడట. ఒక మూర్తి తీర్థం పుచ్చుకుని ఊరుకున్నాడు. రెండో మూర్తి తీర్థం నాలుక మీద పడగానే, "ఈయనే మన పెరుమాళ్!" అని అరిచాడు. తమిళంలో నంపెరుమాళ్. అంతకుముందు అళగియ మణవాళన్ అని పిలిచే స్వామికి ఆ రోజు నుంచి అదే పేరు. ఆచార్యులు పెట్టింది కాదు, రాజు పెట్టింది కాదు. ఆ తాత నోటి నుంచి వచ్చిన మాట.

మరి ఇన్నేళ్ళూ పూజలందుకున్న ఆ రెండో మూర్తి ఏమయ్యాడనుకుంటున్నారు? ఎక్కడికీ పంపలేదు. తిరువరంగ మాళిగైయార్ అనే పేరుతో ఆయన కూడా శ్రీరంగం గర్భాలయంలోనే ఉన్నాడు. ఈసారి వెళ్తే నంపెరుమాళ్‌ని చూశాక, ఆయన ఎక్కడున్నాడో అర్చకస్వామిని అడిగి ఒక నమస్కారం పెట్టుకోండి.